ఒక్క ఇంట్లో ఇరవై కాపురాలు!

ఒకే సర్వర్‌లో పదీ ఇరవై కంప్యూటర్ల చేత కాపురం పెట్టించే కిటుకు పేరు వర్చువలైజేషన్. ఆ కాపురాలకు ఇన్నాళ్లూ పెద్దదిక్కుగా ఉన్న కంపెనీ చేతులు మారింది, అద్దె పద్ధతీ మారింది. ఉందామా, ఖాళీ చేద్దామా? చేస్తే ఎక్కడికి వెళ్దాం? తుపానుల తీరంలో ఉన్న విశాఖకు ఈ ప్రశ్న మరీ ముఖ్యం.

అది 2014 అక్టోబరు 12. ఆదివారం. మధ్యాహ్నానికల్లా హుద్‌హుద్ తుపాను విశాఖ మీద వచ్చి పడింది. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో గాలి. బీచ్‌రోడ్డు మొదలు గాజువాక దాకా చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. విమానాశ్రయం పైకప్పు చిరిగిపోయింది. ఉక్కు కర్మాగారంలో ఉత్పత్తి ఆగింది. కరెంటు లేదు. ఫోన్లు లేవు. ఊరు ఊరంతా చీకట్లో కూర్చుంది.

ఆ తుపాను అందరికీ ఏదో ఒక పాఠం చెప్పింది. కంప్యూటర్ గదుల్ని చూసుకునేవాళ్లకి చెప్పిన పాఠం మాత్రం ఒకటే. జీతాల లెక్కలు, సరుకు వివరాలు, రోగుల రికార్డులు... అన్నీ ఒకే ఊళ్లో, ఒకే గదిలో, ఒకే ఇనపపెట్టెలో ఉంటే ఏదో ఒకరోజు కొంప మునుగుతుంది. మరో ఊళ్లో వాటికి రెండో ఇల్లు ఉండాలి. ఇక్కడ దీపం ఆరితే అక్కడ వెలగాలి.

మరి పెద్ద పెద్ద పెట్టెల్ని లారీకెక్కించి హైదరాబాద్ పంపలేం కదా? అక్కర్లేదు. కంప్యూటర్ మొత్తాన్నీ ఒక ఫైలుగా మార్చేస్తే చాలు. ఫొటోనో పాటనో కాపీ చేసినట్టు దాన్నీ కాపీ చేసి పంపొచ్చు. ఆ పని చేసేదే వర్చువలైజేషన్!

పెట్టెకో పని

పాతికేళ్ల కిందట ఏ ఆఫీసు చూసినా ఇదే తంతు. జీతాలకో సర్వర్. ఈమెయిల్‌కి ఇంకోటి. గేటు పాసులకి మరోటి. కొత్త సాఫ్ట్‌వేర్ కొన్న ప్రతిసారీ కొత్త పెట్టె కూడా కొనాల్సిందే. ఎందుకంటే ఒకే పెట్టెలో రెండు సాఫ్ట్‌వేర్లు పెడితే ఒకదానికి జబ్బు చేసినప్పుడు రెండోదీ మంచమెక్కేది.

పోనీ ఆ పెట్టెలైనా ఒళ్లొంచి పనిచేసేవా అంటే అదీ లేదు. జీతాల సర్వర్‌కి నెలాఖరులోనే పని. మిగతా రోజులు కునికిపాట్లే. చాలాచోట్ల సర్వర్లు తమ శక్తిలో పదో వంతు కూడా వాడకుండానే కాలం వెళ్లదీసేవి. పని లేకపోయినా కరెంటు మాత్రం తాగేవి. వాటిని చల్లగా ఉంచడానికి ఏసీలు రాత్రింబవళ్లు తిరిగేవి. సముద్రపు తేమ, ఉప్పుగాలి ఉన్న విశాఖలాంటి ఊళ్లలో ఆ ఖర్చు ఇంకాస్త ఎక్కువే.

స్థలం ఒకటే... ఫ్లాట్లు బోలెడు

ఎంవీపీ కాలనీలో ఒకప్పుడు ఒక స్థలంలో ఒక ఇల్లుండేది. ఇప్పుడదే స్థలంలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. పునాది ఒకటే, బోరు ఒకటే, ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే. కానీ ఎవరి తలుపు వాళ్లది, ఎవరి వంట వాళ్లది. మూడో అంతస్తులో కుళాయి పాడైతే ఐదో అంతస్తులో వంట ఆగదు.

వర్చువలైజేషన్ కూడా అంతే. బలమైన సర్వర్ ఒకటి తీసుకుంటారు. దాని మీద ‘హైపర్‌వైజర్’ అనే సాఫ్ట్‌వేర్ వేస్తారు. అది ప్రాసెసర్‌నీ, మెమరీనీ, డిస్కునీ వాటాలు వేసి ఒక్కో ‘వర్చువల్ మెషీన్’కి పంచుతుంది. ఒక్కో మెషీనూ ఒక్కో ఫ్లాటు. ఒకదాంట్లో విండోస్ ఉంటుంది, పక్కదాంట్లో లినక్స్. తాము అద్దెకున్నామన్న సంగతి కూడా వాటికి తెలియదు. సొంత పెట్టెలోనే ఉన్నామనుకుంటాయి. హైపర్‌వైజర్ అంటే అపార్ట్‌మెంట్ సెక్రటరీ అన్నమాట. ఎవరికెంత నీళ్లు, ఎవరికెంత కరెంటు అన్నది తేల్చేది ఆయనే.

అసలు సొగసు ఇంకోటుంది. నడుస్తున్న మెషీన్‌ని ఆపకుండానే ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మార్చేయొచ్చు. ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ పేర్లతో మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. దుకాణం షట్టరు దించినట్టు వాటిని సాయంత్రం ఆపి పొద్దున్నే వెలిగించడం కుదరదు. రాత్రీ పగలూ మండుతూ ఉండాల్సిందే. ఆసుపత్రులు, రేవులు, బ్యాంకుల కంప్యూటర్లూ అలాంటివే. మరమ్మతు కోసం ఆపుతామంటే కుదరదు. ఒక సర్వర్‌కి మరమ్మతు ఉంటే అందులోని కాపురాలన్నిటినీ పక్క సర్వర్‌కి తరలించి, పని ముగించి, మళ్లీ తీసుకొచ్చేయడమే. లోపల పనిచేసుకుంటున్నవాళ్లకి ఆ సంగతే తెలియదు.

ఆలోచన ఇప్పటిది కాదు

ఇదేదో నిన్నామొన్నటి మాట అనుకుంటే పొరపాటే. 1960ల్లో కంప్యూటరంటే గది నిండా పట్టే యంత్రం. అంత ఖరీదైన యంత్రాన్ని ఒక్కరే వాడితే ఎలా అని ఐబీఎం ఇంజినీర్లు దాన్ని వాటాలు వేశారు. 1972లో ఆ సంస్థ ‘వీఎం/370’ పేరుతో ఆ పద్ధతిని ఖాతాదారుల చేతికిచ్చింది.

తర్వాత చిన్న కంప్యూటర్లు చవగ్గా దొరకడంతో వాటాల ఊసే జనం మర్చిపోయారు. పైగా ఇంటెల్ తరహా ప్రాసెసర్లను వాటాలు వేయడం అంత తేలిక కాదనుకునేవారు. ఆ పనిని సాధించి చూపించింది 1998లో అమెరికాలో పుట్టిన వీఎంవేర్. స్టాన్‌ఫోర్డ్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పే మెండెల్ రోసెన్‌బ్లమ్, ఆయన భార్య డయాన్ గ్రీన్, మరో ముగ్గురు కలిసి పెట్టిన కంపెనీ అది. 2001లో సర్వర్ల కోసం ‘ఈఎస్ఎక్స్’ని తెచ్చింది. నడుస్తున్న మెషీన్‌ని తరలించే ‘వీమోషన్’ 2003లో వచ్చింది. అంతే, ప్రపంచమంతా వీఎంవేర్ జపం మొదలైంది.

పోటీ రాకుండా ఉంటుందా? 2003లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నుంచి ‘జెన్’ వచ్చింది. 2007లో ‘కేవీఎం’ ఏకంగా లినక్స్‌లోనే భాగమైపోయింది. 2008లో మైక్రోసాఫ్ట్ ‘హైపర్-వీ’తో దిగింది. అదే ఏడాది వియన్నా నుంచి ‘ప్రాక్స్‌మాక్స్’ అనే చిన్న ప్రయత్నం మొదలైంది. 2005, 2006 సంవత్సరాల్లో ఇంటెల్, ఏఎండీ సంస్థలు వాటాలు వేసే సదుపాయాన్ని ప్రాసెసర్‌లోనే పెట్టేయడంతో అందరి పనీ సులువైంది.

అయినా పెద్ద పెద్ద సంస్థలు వీఎంవేర్‌ని వదల్లేదు. ఖరీదెక్కువైనా నమ్మకమైనదన్న పేరు. ఏ కోర్సు చూసినా అదే నేర్పేవారు. ఏ ఉద్యోగ ప్రకటన చూసినా అదే అడిగేవారు.

అమ్మిన ఇల్లే అద్దెకి!

2023 నవంబరు 22న వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ కొనేసింది. అంతకు ఏడాదిన్నర ముందు బేరం కుదిరినప్పుడు చెప్పిన విలువ 6,100 కోట్ల డాలర్లు. కొన్న నెల తిరక్కుండానే అసలు వార్త బయటికొచ్చింది. ఇకమీద శాశ్వత లైసెన్సులు అమ్మరు. ఏళ్ల లెక్కన చందా కట్టి వాడుకోవాల్సిందే.

అపార్ట్‌మెంట్ భాషలో చెప్పాలంటే... నిన్నటిదాకా ఫ్లాట్లు అమ్మిన బిల్డరు ఇవాళ్టినుంచి అద్దెకు మాత్రమే ఇస్తానన్నాడు. పాతవాళ్లు తమ ఫ్లాటులో ఉండొచ్చు. కానీ లిఫ్టు ఆగినా, పైపు పగిలినా రమ్మంటే రాడు. రావాలంటే కొత్త అద్దె ఒప్పందం రాసుకోవాలి. పైగా ఒక్క గది చాలన్నా మొత్తం ప్యాకేజీ తీసుకోవాలంటాడు.

వేలకొద్దీ రకాలుగా ఉన్న ఉత్పత్తుల్ని కొద్దిపాటి ప్యాకేజీలుగా కుదించి వ్యవహారాన్ని సులభం చేశామన్నది బ్రాడ్‌కామ్ వాదన. ప్యాకేజీలోని సౌకర్యాలన్నీ వాడుకునే భారీ సంస్థలకి ఆ మాటలో నిజం ఉండొచ్చు కూడా. కానీ నాలుగు సర్వర్లున్న చిన్న కంపెనీకి? ఆ సౌకర్యాల్లో చాలావాటి పేర్లు కూడా తెలియవు. అమెరికా టెలికాం దిగ్గజం ఏటీ అండ్ టీ అంతటిదే పాత ఒప్పందం ప్రకారం మద్దతు ఇవ్వాలంటూ 2024లో న్యూయార్క్ కోర్టు మెట్లెక్కింది. తర్వాత రాజీ పడింది. చిన్న సర్వర్లవాళ్లు వాడుకునే ఉచిత ఈఎస్ఎక్స్ఐని 2024 ఫిబ్రవరిలో ఆపేసిన బ్రాడ్‌కామ్, 2025 ఏప్రిల్‌లో దాన్ని మళ్లీ అందుబాటులోకి తెచ్చింది.

ఈలోగా గడియారం నడుస్తూనే ఉంది. వీస్పియర్ 7కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 2తో ముగిసింది. దాని తర్వాతి 8కి గడువు 2027 అక్టోబరు. మద్దతు ఆగితే మెషీన్లు ఆగవు. కానీ కొత్తగా బయటపడే లోపాలకు మందు దొరకదు. దొంగలకు కావల్సిందీ అదే.

సొంత గనులు లేని కష్టం

ఈ బాధ విశాఖవాసులకు విడమరిచి చెప్పక్కర్లేదు. విశాఖ ఉక్కుకు సొంత ఇనుప గనులు లేవన్న మాట ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. కర్మాగారం మనది, కార్మికులు మనవాళ్లు, నైపుణ్యం మనది. ఖనిజం మాత్రం బయట కొనాలి. బయట ధర పెరిగిన రోజు ఇక్కడ ఎంత చెమటోడ్చినా లెక్కలో నష్టమే తేలుతుంది.

కంప్యూటర్ గది కూడా అలాంటి కర్మాగారమే. సర్వర్లు సొంతం. సమాచారం సొంతం. అడుగున ఉన్న హైపర్‌వైజర్ మాత్రం ఎవరిదో. దాని ధర ఎవరో, ఎక్కడో నిర్ణయిస్తారు. అందుకే ఇప్పుడు సంస్థలు అడుగుతున్న ప్రశ్న ‘ఏది గొప్పది’ అని కాదు. ‘రేపు దీన్ని వదిలి వెళ్లాలంటే వెళ్లగలమా’ అని.

బరిలో ఎవరెవరు?

వీఎంవేర్: అనుభవంలో పెద్దన్న. వందల సర్వర్లను ఒక్క తెర మీద నడిపించడంలో, నడుస్తున్న మెషీన్లను తరలించడంలో చేయి తిరిగినది. బయటి కంపెనీల సాఫ్ట్‌వేర్లు చాలావరకు దీని మీద పరీక్షించి పంపినవే. లోపమల్లా ఖరీదు, చందా షరతులు.

హైపర్-వీ: విండోస్ సర్వర్‌తోపాటే వస్తుంది. ఆఫీసులో ఎక్కువగా విండోస్ మెషీన్లే ఉంటే ఇది ఇంటి పెరట్లో బావి లాంటిది. విడిగా ఉచితంగా ఇచ్చిన ‘హైపర్-వీ సర్వర్’ మాత్రం 2019 ముద్రణతో ఆగిపోయింది. లినక్స్‌ని బాగానే నడుపుతుంది కానీ ఇంటిపెద్ద విండోసే.

ప్రాక్స్‌మాక్స్: లినక్స్‌లోని కేవీఎం మీద కట్టిన ఇల్లు. సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. డబ్బు కట్టకుండానే అన్ని సౌకర్యాలూ వాడుకోవచ్చు. సాయం కావాలంటే చందా. 2024లో వీఎంవేర్ మెషీన్లను నేరుగా లాక్కొచ్చే సదుపాయాన్నీ చేర్చడంతో దీని పేరు మారుమోగింది. అయితే లినక్స్ తెలిసిన మనిషి ఇంట్లో ఉండాలి. అర్ధరాత్రి ఆగిపోతే చూసుకోవాల్సింది మనమే.

న్యుటానిక్స్: 2009లో మొదలైంది. సర్వర్, స్టోరేజీ రెండూ ఒకే పెట్టెలో కలిపి ఇస్తుంది. దీని హైపర్‌వైజర్ ఏహెచ్‌వీ కూడా కేవీఎం బిడ్డే. నడపడం సులువు, ఫోన్ చేస్తే పలికేవాళ్లుంటారు. కానీ ఇదీ చందా వ్యవహారమే. ఒక బిల్డరు దగ్గర్నుంచి ఇంకో బిల్డరు దగ్గరికి వెళ్లినట్టు.

రెడ్‌హ్యాట్ ఓపెన్‌షిఫ్ట్: ఇందులోనూ కేవీఎమ్మే ఉంది. కొత్తతరం సాఫ్ట్‌వేర్లు రాసుకునే సంస్థలకు తగినది. సాదాసీదా ఆఫీసుకు నేర్చుకోవాల్సింది ఎక్కువ.

ఎక్స్‌సీపీ-ఎన్‌జీ: జెన్ వంశం. దీని పుట్టుక వెనకా ఒక కథుంది. సిట్రిక్స్ సంస్థ తన జెన్‌సర్వర్ ఉచిత ముద్రణలో సౌకర్యాలు కత్తిరించడంతో, ఫ్రాన్స్‌కు చెందిన బృందం 2018లో తెరిచి ఉన్న కోడ్‌తో దీన్ని తయారుచేసింది.

గమనించారా? మాట మార్చింది ఒక్క బ్రాడ్‌కామే కాదు. సిట్రిక్స్ కత్తిరించింది. మైక్రోసాఫ్ట్ ఉచిత ముద్రణ ఆపింది. రెడ్‌హ్యాట్ తన పాత వర్చువలైజేషన్ ఉత్పత్తిని మూసి ఓపెన్‌షిఫ్ట్ వైపు నడవమంది. ఏ ఇంటికీ శాశ్వత హామీ లేదు. కోడ్ తెరిచి ఉన్నచోట మాత్రం ఒక ధైర్యం. యజమాని తలుపేసినా, ఇంకొకరు అదే నమూనాతో ఇల్లు కట్టగలరు.

లెక్క ఎలా మారుతుందంటే...

ధరల పట్టికలు మారుతుంటాయి. లెక్కించే కొలత తెలిస్తే చాలు, బిల్లు ఎటు పోతుందో అర్థమవుతుంది.

ఆటోనగర్‌లో ఒక చిన్న కంపెనీ ఉందనుకుందాం. రెండు సర్వర్లు. ఒక్కోదాంట్లో రెండు ప్రాసెసర్లు. ప్రాసెసర్‌కి ఎనిమిది కోర్లు. నిజంగా ఉన్న కోర్లు 32. వీఎంవేర్ లెక్కలో ప్రాసెసర్‌కి కనీసం 16 కోర్లకు కట్టాలి. అంటే 64. లేనివాటికీ కట్టడమే! విండోస్ సర్వర్‌కి కనీసం ప్రాసెసర్‌కి ఎనిమిది, సర్వర్‌కి పదహారు. అంటే 32. ప్రాక్స్‌మాక్స్‌కి చందా తీసుకుంటే ప్రాసెసర్ల లెక్క. అంటే నాలుగు. తీసుకోకపోతే సున్నా.

ఇప్పుడు హుద్‌హుద్‌ని గుర్తుచేసుకోండి. రెండో ఊళ్లోనూ అలాంటి సర్వర్లే రెండు సిద్ధంగా ఉంచాలి. వాటి మీదా హైపర్‌వైజర్ నడవాలి. అప్పుడు 64 కాస్తా 128 అవుతుంది. తుపాను రాని ఊళ్లో రెండో ఇల్లు విలాసం కావచ్చు. విశాఖలో అది అవసరం. బిల్లు బరువెక్కువైనప్పుడు ఏ కంపెనీ అయినా మొదట కత్తిరించేది ఆ రెండో ఇంటినే. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఇంకో మెలిక. ప్రాక్స్‌మాక్స్ ఉచితమే కానీ దాని మీద నడిపే విండోస్ ఉచితం కాదు. విండోస్ సర్వర్ ‘స్టాండర్డ్’ లైసెన్సు ఒకసారి కొంటే ఆ సర్వర్‌లో రెండు విండోస్ మెషీన్లకే హక్కు. పది నడపాలంటే ఐదుసార్లు కొనాలి. ‘డేటాసెంటర్’ లైసెన్సు కొంటే ఎన్నయినా నడుపుకోవచ్చు. హైపర్‌వైజర్ ఏదైనా ఈ లెక్క మారదు. కాబట్టి విండోస్ కాపురాలే ఎక్కువగా ఉండి, డేటాసెంటర్ లైసెన్సు ఎలాగూ కొంటున్నవారికి హైపర్-వీ అదనపు ఖర్చు లేకుండా వచ్చినట్టే.

ఎవరికేది?

రేవు పక్కన ఒక షిప్పింగ్ ఏజెన్సీ ఉందనుకోండి. పదిహేను మెషీన్లు. అకౌంట్లు, మెయిల్, సరుకు పత్రాలు. లినక్స్ తెలిసిన కుర్రాడు ఒకడున్నాడు. ఇలాంటి చోట ప్రాక్స్‌మాక్స్ బాగా అతుకుతుంది. మిగిలిన డబ్బుతో రెండో ఊళ్లో రెండో ఇల్లు కట్టొచ్చు. కానీ ఆ కుర్రాడొక్కడి మీదే ఆధారపడితే కష్టం. అతను బెంగళూరు వెళ్లిపోతే? రెండో మనిషికి నేర్పించాలి, లేదా మద్దతు చందా తీసుకోవాలి.

ఆరిలోవ హెల్త్‌సిటీలో ఒక ఆసుపత్రి. రోగుల రికార్డులు, ల్యాబ్ ఫలితాలు, స్కానింగ్ బొమ్మలు... సాఫ్ట్‌వేర్ అంతా విండోస్ మీదే అనుకుందాం. సిబ్బందికీ విండోసే అలవాటు. హైపర్-వీ వైపు మొగ్గితే ఎవరూ తప్పుపట్టరు. నడిపేవాళ్లు తక్కువైతే న్యుటానిక్స్ లాంటి రెడీమేడ్ పెట్టె గురించీ ఆలోచించొచ్చు.

పరవాడ ఫార్మాసిటీలో ఒక మందుల కర్మాగారం. ఇక్కడ తొందరపడకూడదు. అమెరికాకు మందులు పంపే సంస్థల్లో నాణ్యత రికార్డులున్న కంప్యూటర్ వ్యవస్థలు సరిగ్గా పనిచేస్తున్నాయని పరీక్షించి కాగితం మీద నిరూపించాలి. అడుగున హైపర్‌వైజర్ మార్చినా ఆ పరీక్షలు మళ్లీ చేయాల్సి రావచ్చు. యంత్రాలమ్మిన కంపెనీ ‘వీఎంవేర్ మీదైతేనే మాది పూచీ’ అంటే మార్చడం కన్నా చందా కట్టడమే చవకేమో. అలాంటి కీలకమైన మెషీన్లను అక్కడే ఉంచి, మామూలు ఆఫీసు మెషీన్లను వేరేచోటికి మార్చడం మధ్యేమార్గం.

అంటే అందరికీ ఒకటే జవాబు లేదు. మూడు ప్రశ్నలు మాత్రం అందరికీ ఒకటే. మన మెషీన్లలో విండోస్ ఎన్ని, లినక్స్ ఎన్ని? సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు వేటికి పూచీ పడుతున్నారు? అర్ధరాత్రి ఆగితే లేచి చూసేదెవరు?

తాళంచెవి మన చేతిలో...

ఇల్లు మారడమంటే సామాను సర్దడమే కాదు. ఒక్కో హైపర్‌వైజర్ మెషీన్‌ని ఒక్కో రూపంలో దాచుకుంటుంది. వీఎంవేర్‌ది ఒక రకం ఫైలు, హైపర్-వీది ఇంకో రకం. వాటిని మార్చే పనిముట్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. మెషీన్ మారుతుంది, లేస్తుంది కూడా. చిక్కు ఆ తర్వాత వస్తుంది. నెట్‌వర్క్ చిరునామా మారిపోతుంది. డిస్కు డ్రైవర్ దొరకదు. ఎప్పుడో పదేళ్ల కిందట ఎవరో రాసిన బ్యాకప్ ఏర్పాటు పనిచేయదు.

అందుకే దశలవారీగా వెళ్లడం మేలు. ముందు పనికిరాని మెషీన్లను ఏరివేయాలి. ఎన్నేళ్లనుంచో ఎవరూ తెరవని ఫ్లాట్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటాయి. తర్వాత పరీక్షల కోసం వాడే మెషీన్లను మార్చి చూడాలి. కనీసం ఒక నెలాఖరు, ఒక బిల్లింగు రోజు గడిచాక అసలువాటి జోలికి వెళ్లాలి. జీతాల మెషీన్‌ని చివరికి వదిలేయాలి.

అన్నిటికన్నా ముందు బ్యాకప్. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో అన్నది కంప్యూటర్‌వాళ్లు పాటించే పాత సూత్రం. దానికి ఇప్పుడు ఇంకో మాట కలపాలి. ఆ కాపీ ఏ హైపర్‌వైజర్ మీదైనా లేవాలి. పలు బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు రెండు మూడు రకాల హైపర్‌వైజర్లతో పనిచేస్తున్నాయి. వీమ్ అనే సాఫ్ట్‌వేర్ 2024 ఆగస్టులో ప్రాక్స్‌మాక్స్‌ని కూడా తన జాబితాలో చేర్చుకుంది. అలాంటిది చేతిలో ఉంటే ఇంటి తాళంచెవి మన దగ్గరున్నట్టే.

కాపీ ఉందని నిశ్చింతగా ఉండటం కాదు, ఏడాదికోసారైనా దాన్ని లేపి చూడాలి. విశాఖ వారికి అందుకు ముహూర్తం కూడా వెతకక్కర్లేదు. తుపానుల కాలం మొదలవకముందే ఒక సెలవురోజు ఇక్కడి సర్వర్ ఆగిపోయిందనుకుని, రెండో ఊళ్లోని కాపీతో ఒక్కరోజు పని నడిపి చూస్తే సరి. కట్టిన బిల్లుకు ఫలితం ఉందో లేదో సాయంత్రానికల్లా తెలిసిపోతుంది.

హుద్‌హుద్ వచ్చిన పదకొండేళ్లకు, 2025 అక్టోబరు 14న, విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతానని గూగుల్ ప్రకటించింది. ఆ గూగుల్ క్లౌడ్‌లో నడిచే వర్చువల్ మెషీన్ల అడుగున ఉన్నది కూడా కేవీఎమ్మే. ఆటోనగర్ కుర్రాడు రెండు పాత సర్వర్ల మీద నడుపుతున్నదీ, అంత పెద్ద సంస్థ నడుపుతున్నదీ పునాదిలో ఒకటే అన్నమాట. తేడా ఎక్కడంటే... గూగుల్ తన ఇంటికి తానే సెక్రటరీ. మిగతావాళ్లు కాలేకపోవచ్చు. కనీసం ఖాళీ చేయాల్సివస్తే ఏ తలుపులోంచి వెళ్లాలో తెలుసుకుని ఉండటం మాత్రం అందరి చేతుల్లోనూ ఉంది.

మనవాళ్ల జాడ

ఈ పోటీలో రెండు ఇళ్లకు పెద్దలు తెలుగు కుటుంబాలవారే కావడం విశేషం. హైపర్-వీ ఉన్న మైక్రోసాఫ్ట్‌కి 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయిన సత్య నాదెళ్ల హైదరాబాద్‌లో పుట్టారు. అంతకుముందు 2011లో ఆ సంస్థ సర్వర్ల విభాగం పగ్గాలు పట్టిందీ ఆయనే. ఇక రెడ్‌హ్యాట్‌ని ఐబీఎం 2019లో 3,400 కోట్ల డాలర్లకు కొంది. ఆ కొనుగోలులో కీలకపాత్ర పోషించిన అరవింద్ కృష్ణ 2020 ఏప్రిల్‌లో ఐబీఎం సీఈఓ అయ్యారు. ఆయనదీ తెలుగు కుటుంబమే.

ఇంట్లోనే నేర్చుకోవచ్చు

* డిప్లొమా, ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఇంట్లో ఉన్నారా? వర్చువలైజేషన్ నేర్చుకోవడానికి వేలకు వేలు ఫీజు కట్టక్కర్లేదు. పక్కన పెట్టేసిన పాత కంప్యూటర్ చాలు. ఎనిమిది జీబీ మెమరీ ఉంటే మొదలుపెట్టొచ్చు, పదహారు ఉంటే హాయి.

* ముందుగా బయాస్‌లో వర్చువలైజేషన్ సదుపాయాన్ని ఆన్ చేయాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

* ప్రాక్స్‌మాక్స్ వేస్తే ఆ కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఫొటోలూ పత్రాలూ ముందే వేరేచోట దాచుకోవాలి.

* ఉన్న విండోస్ పోకూడదంటే వర్చువల్‌బాక్స్ వాడొచ్చు. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రోని కూడా 2024 నవంబరులో అందరికీ ఉచితం చేశారు. విండోస్ 11 ప్రోలో హైపర్-వీ ఉండనే ఉంటుంది.

* లినక్స్, నెట్‌వర్కింగ్ పునాదులు గట్టిగా నేర్చుకున్నవారికి హైపర్‌వైజర్ ఏదైనా ఒకటే. ఒక్క కంపెనీ బటన్లు మాత్రమే నేర్చుకుంటే, ఆ కంపెనీ మాట మార్చిన రోజు చదువు మళ్లీ మొదటికి వస్తుంది.